ఇటుక బట్టీల ఒడిశా పిల్లలకు టీకాలు: కార్డు లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (ఏఎన్‌ఎం, తెలంగాణ): మా సబ్‌సెంటర్ పరిధిలోని బట్టీలకు బలంగీర్, నువాపడా నుంచి కుటుంబాలు దిగాయి. పిల్లల్లో సగం మందికి టీకా కార్డుల్లేవు. బుధవారం సెషన్‌కు రమ్మని మేస్త్రీతో చెప్పించినా ఎవరూ రావట్లేదు. పద్దెనిమిది నెలల పాప ఒకామె ఉంది, ఆమెకు ఏ టీకాలు వెయ్యాలి?

జవాబు (మెడికల్ ఆఫీసర్): ముందు తల్లి ఫోన్ నంబరుతో యూ-విన్‌లో (టీకాల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్) వెతకండి. సిమ్ మార్చి ఉంటారు, ఊళ్లో ఇచ్చిన పాత నంబరూ అడగండి. ఏ ఆధారమూ దొరక్కపోతే టీకాలు పడలేదనే లెక్క. ఏడాది దాటింది కాబట్టి బీసీజీ (క్షయ టీకా) వద్దు, పెంటావాలెంట్ (ఐదు జబ్బుల టీకా) కూడా మొదలుపెట్టరు. నాలుగేసి వారాల తేడాతో డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) మూడు డోసులు, వాటితోపాటే పోలియో చుక్కలు. ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) ఇవాళే ఒకటి, కనీసం నాలుగు వారాలకు రెండోది. కార్డు ఉండి మధ్యలో ఆగిపోయిన పిల్లలకు మళ్లీ మొదటి నుంచి వేయకండి, ఆగిన చోటి నుంచే కొనసాగించండి. ఆధార్ లేదని ఎవర్నీ తిప్పి పంపొద్దు.

జవాబు (ఆశా ఫెసిలిటేటర్): రాకపోవడం మొండితనం కాదండీ. తెల్లవారకముందే ఇటుకల అచ్చు పని మొదలవుతుంది, కూలీ ఇటుకల లెక్క మీదే. పొద్దున సెషన్ పెడితే ఆ పూట కూలీ పోయినట్టే. సాయంత్రం, వారం ఖర్చీ (తిండి ఖర్చుల డబ్బు) ఇచ్చే రోజు చూసి బట్టీ దగ్గరికే వెళ్లండి. మేస్త్రీ అనుమతి ఇస్తే చాలు, దుబాసీ పని మాత్రం అతనికి అప్పగించకండి. అతని ఎదుట ఆడవాళ్లు నెల తప్పిందనీ, తెల్లబట్ట అవుతోందనీ చెప్పరు. అక్కడే హిందీ వచ్చిన ఆడమనిషిని చూసుకోండి. వాళ్లది సంబల్‌పురి, పుస్తకాల ఒడియా పోస్టరు గోడకే పరిమితం.

జవాబు (మెడికల్ ఆఫీసర్): ఇంకొకటి. పశ్చిమ ఒడిశాలో సికిల్‌సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు) ఎక్కువ. కీళ్లు, ఎముకల నొప్పులంటే నొప్పి సూది వేసి పంపేయకండి, సికిల్ పరీక్షకు పంపండి. బట్టీ వేడిలో ఒంట్లో నీళ్లు తగ్గితే నొప్పి తిరగబెడుతుంది. జ్వరమొస్తే కిట్‌తో మలేరియా పరీక్ష తప్పనిసరి.

ప్రశ్న: మేలో తిరిగి వెళ్లిపోతారు కదా, అప్పుడు?

జవాబు (టీబీ విభాగం): ఏప్రిల్‌లోనే జాబితా రాసుకోండి, వానలు ముందే పడితే చెప్పకుండా కదిలిపోతారు. టీబీ మందులు వాడేవారిని నిక్షయ్‌లో (టీబీ రోగుల ప్రభుత్వ పోర్టల్) సొంత బ్లాకుకు ట్రాన్స్‌ఫర్ చేసి, దారికి సరిపడా మందులిచ్చి, ఆ సంగతి వాళ్ల టీబీ ఐడీ కార్డు మీద రాయండి. గర్భిణులకు ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య వివరాల కార్డు) చేతికివ్వండి, దాని ఫోటో వాళ్ల ఫోన్లోనూ తీయించండి.