చెక్కతో సింగిల్ స్కల్ (ఒక్కరే రెండు తెడ్లతో నడిపే రోయింగ్ పడవ) కట్టాలి, ప్లాన్లు ఎక్కడ దొరుకుతాయండీ?

గట్టుమీదోడు:
నమస్కారమండీ. చెన్నైలో ఉద్యోగం చేసినన్నాళ్లూ అడయార్ నది మీద రోయింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు రాజమండ్రి వచ్చేశాను. ఎదురుగా ఇంత గోదావరి ఉంది, ఎక్కడానికి పడవ లేదు. కొత్త ఫైబర్ స్కల్ కొనే స్థోమత లేదు. మావయ్యగారు వడ్రంగి మేస్త్రి, ఆయన షెడ్డు, పనిముట్లు వాడుకోవచ్చు. రేసింగ్ సింగిల్ ఒకటి చెక్కతో కడదామని ఉంది. నెట్లో వెతికితే పక్కనుంచి తీసిన ఒక బొమ్మ, నాలుగు కొలతలు తప్ప ఏమీ దొరకట్లేదు. అసలు ప్లాన్లు ఎవరు అమ్ముతారు?

చిత్రిక:
ప్లాన్ల సంగతి తర్వాత, ముందు ఏ పడవ కావాలో తేల్చుకోండి. రేసింగ్ సింగిల్ అంటే 8 మీటర్ల పైన పొడవు, నీళ్ల మట్టం దగ్గర 30 సెంటీమీటర్లు కూడా ఉండని వెడల్పు. పోటీలకు పెట్టిన కనీస బరువే 14 కిలోలు. ఆ బరువులో, ఆ గుండ్రటి అడుగుతో చెక్క పడవ కట్టడం మొదటిసారి కట్టేవాడి పని కాదు. సియాటిల్‌లో జార్జ్ పోకాక్ పల్చటి దేవదారు పలకను ఆవిరితో వంచి కట్టేవాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో గెలిచిన అమెరికా ఎయిట్ (ఎనిమిది మంది తెడ్లు వేసే పడవ) ఆయన కట్టిందే. అది ఒక జన్మ నేర్చిన విద్య.

పైగా గోదావరి మీద గాలి లేస్తే ఆ సన్న పడవలో నీళ్లు నిండుతాయి. మీకు కావలసింది ఓపెన్ వాటర్ షెల్, అంటే అలలు లేచే నీళ్లకు తగ్గ రోయింగ్ పడవ. ఆరు మీటర్లు, కాస్త వెడల్పు, స్లైడింగ్ సీటు (ముందుకీ వెనక్కీ జారేది) మామూలే. ప్లైవుడ్ ముక్కలు కోసి, రాగి తీగతో కుట్టి, లోపల ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పూసి కట్టేస్తారు. 1963లో ఇంగ్లండ్‌లో వచ్చిన మిర్రర్ అనే తెరచాప పడవతో ఈ పద్ధతి ఇళ్లలోకి వచ్చింది.

ప్లాన్లకు మేరీలాండ్‌లోని చెసపీక్ లైట్ క్రాఫ్ట్ చూడండి. వాళ్ల ఆక్స్‌ఫర్డ్ షెల్ ఈ రకమే. కెనడాలో ఆంగస్ రోబోట్స్ (Angus Rowboats) వాళ్లవి కూడా స్లైడింగ్ సీటు పడవలు. వుడెన్‌బోట్ పత్రిక వాళ్ల దుకాణంలోనూ ప్లాన్లు ఉంటాయి. కిట్ తెప్పించుకోకండి, రవాణా ఖర్చుకి కళ్లు తిరుగుతాయి. ప్లాను ఒక్కటే కొనండి.

లేక్ యూనియన్ తెలుగోడు:
సియాటిల్ నుంచి. అన్న చెప్పింది నిజం. ఒక మాట కలుపుతాను. కొనేముందు ఫుల్ సైజ్ అచ్చులు ఇస్తారో, ఆఫ్‌సెట్ల పట్టిక మాత్రమే ఇస్తారో అడగండి. పట్టిక ఇస్తే ప్రతి అడ్డుకోత కొలతలూ మీరే గీసుకుని, సన్నటి బద్దను వంచి, వంపు సాఫీగా వచ్చేదాకా సరిచూసుకోవాలి. మేస్త్రిగారు ఉన్నారు కాబట్టి మీకు కష్టం కాదేమో. నాకైతే రెండు వారాంతాలు పోయాయి.

పీడీఎఫ్ ఇస్తే ప్రింటు దగ్గర జాగ్రత్త. నేను పోయినసారి ఇండియా వచ్చినప్పుడు ఒక షాపులో వేయించాను. పేజీకి సరిపెట్టడానికి ఆ కుర్రాడు మూడు శాతం కుదించేశాడు. ఆరు మీటర్ల మీద అది 18 సెంటీమీటర్లు! షీట్ల మీద 100 మిల్లీమీటర్ల గీత ఒకటి ఉంటుంది, స్టీలు స్కేలు పెట్టి కొలిచాకే డబ్బులివ్వండి.

గట్టుమీదోడు:
చాలా థాంక్సండీ. సరే, రేసింగ్ మోజు మానేశాను. ప్లై మన దగ్గర దొరికేది సరిపోతుందా?

చిత్రిక:
ప్లాన్లలో 4 మిల్లీమీటర్ల ఒకూమే (తేలిక చెక్కతో చేసిన ప్లై) రాస్తారు. మన షాపుల్లో దొరికేది ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై. బాగానే ఆగుతుంది కానీ గర్జన్ చెక్కది బరువు. 8×4 షీటు ఒకూమేది ఐదారు కిలోలుంటే ఇది ఎనిమిది పైనే తూగుతుంది. నీళ్లలో పెద్ద తేడా తెలియదు, భుజాన మోసినప్పుడు తెలుస్తుంది.

ముద్ర చూసి నమ్మకండి. ఒక ముక్క అడిగి తెచ్చి ఉడకబెట్టండి. అసలు పరీక్ష 72 గంటలు. మనకు ఒక రోజు చాలు, దొంగ సరుకైతే ఆలోపే పొరలు విచ్చుకుంటాయి.

షీటు ఎనిమిది అడుగులే కాబట్టి అతుకు వేయాలి. మందానికి ఎనిమిదింతలు ఏటవాలు, అంటే 32 మిల్లీమీటర్లు చిత్రిక పట్టాలి. మీ మావయ్యగారికి ఇది చెప్పక్కర్లేదు.

ఎపాక్సీ దగ్గర మాత్రం మేస్త్రిగారి మాట కూడా వినకండి. ఫెవికాల్ వద్దు, చవకని పాలిస్టర్ రెజిన్ అసలొద్దు, అది చెక్కను సరిగా పట్టుకోదు. స్లో హార్డెనర్ (ఎపాక్సీని నెమ్మదిగా గట్టిపరిచే ద్రవం) తీసుకుని తెల్లవారుజామున పని చేయండి. మే నెలలో నేను మధ్యాహ్నం ఒక మగ్గు నిండా కలిపాను. బ్రష్ వెతుక్కునేలోపు మగ్గు పొగలు కక్కి, కరిగి, నేలకు అతుక్కుపోయింది. ఆ మచ్చ ఇంకా ఉంది. అప్పట్నుంచి కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోసేస్తాను, పల్చగా ఉంటే వేడెక్కదు.

అన్నిటికంటే ముఖ్యం: రిగ్గర్ (తెడ్లను పడవ పక్కన బయటికి పట్టి ఉంచే లోహపు చట్రం), సీటు, పట్టాలు, స్కల్స్ (తెడ్లు) ముందు సంపాదించాకే చెక్క కోయండి. నేను పడవ కట్టేసి, తర్వాత పాత రిగ్గర్ తెచ్చాను. బోల్టు రంధ్రాలకీ నా ఫ్రేముకీ రెండు అంగుళాలు తేడా. పాత పడవలు పారేస్తున్న రోయింగ్ క్లబ్బుల్లో అడగండి, మీకు చెన్నైలో పరిచయాలు ఉన్నాయిగా. రెండు పిన్నుల (తెడ్లు తిరిగే ఇరుసుల) మధ్య దూరం 158–160 సెంటీమీటర్లు రావాలి, స్కల్స్ 2.9 మీటర్ల దగ్గర ఉండాలి. కొత్తవి కొంటే చెక్క ఖర్చును దాటిపోతాయి.

తాళ్ళరేవు కుర్రాడు:
అన్నా, మాది పడవలు కట్టే ఊరు. ప్లైతో కడితే ముక్కు, వెనక గాలి గదులు విడిగా మూసెయ్యండి, తిరగబడినా తేలుతుంది. వరద రోజుల్లో మాత్రం దింపకండి. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరికే 10 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు, దానికి చాలా ముందే నది మీ చేతిలో ఉండదు.

గట్టుమీదోడు (పది రోజుల తర్వాత):
చెన్నై మిత్రుడు పాత రిగ్గర్, సీటు ఇప్పించాడండీ. పిన్నుల మధ్య 159. రెండు షాపుల ప్లై ముక్కలు అమ్మ ఇడ్లీ గిన్నెలో ఉడకబెట్టాను. ఒకటి ఐదు గంటలకే పుస్తకంలా విచ్చుకుంది, రెండోది నిలబడింది. గిన్నె మాత్రం అమ్మ ఇక నాకే ఇచ్చేసింది. బయటి వైపు గ్లాస్ క్లాత్ (ఎపాక్సీతో అతికించే గాజునార బట్ట) ఎంత బరువుది వేయాలి?

చిత్రిక:
చదరపు మీటరుకు 200 గ్రాములది, అడుగు అంతా ఒక పొర. ఎపాక్సీ ఆరాక చేత్తో తడిమితే జిడ్డుగా తగిలితే నీళ్లతో కడిగి, అప్పుడు ఉప్పుకాగితం పట్టండి.