కంటి ఫోటో పరిశోధనకు ఇవ్వాలంటే రోగిని అడగాలా?

తుంగభద్ర (కర్నూలు):
పోయిన నెల మా అమ్మను షుగరు పరీక్షలకు ఒక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లాను. కళ్లలో చుక్కల మందు వేసి అరగంట కూర్చోబెట్టారు. రెటీనా (కంటి లోపలి వెనక పొర) ఫోటో తీసే ముందు ఒక కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు. ఆ మందు పడ్డాక దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి "ఎక్కడరా?" అని అడిగి, నేను వేలు పెట్టిన చోట సంతకం చేసింది. వెనక వరుస తోసుకొస్తుంటే నేనూ చదవలేదు, తప్పు నాది కూడా. ఇంటికి వచ్చి, ఫోనులో తీసుకున్న ఆ కాగితం ఫోటో చూసుకుంటే, పేరు తీసేసి ఆ చిత్రాలను కృత్రిమ మేధ పరిశోధనకు వాడతామని ఉంది. అడగడమంటే ఇదేనా?

వేరుశనగ చేను (అనంతపురం):
కంటి విభాగంలో పనిచేస్తాను కాబట్టి చెబుతున్నాను. మా మండలంలో కంటి డాక్టరు లేరు. అనంతపురం వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది. ఎవరు వెళ్లాలో, ఎవరికి అవసరం లేదో ఫోటో చూసి యంత్రం చెప్పగలిగితే అంతకన్నా ఏం కావాలి? అది మన కళ్లను చూసి నేర్చుకోవాలి కదా! శుక్లాలు ముదిరిన కళ్ల ఫోటోలు మసకగా వస్తాయి. అలాంటివి చూడని యంత్రం ఇక్కడ తడబడుతుంది. వ్యక్తిపై నిర్ణయం తీసుకోనంతవరకు, నిర్దేశించిన ప్రమాణాలు పాటిస్తే, 2023 డేటా రక్షణ చట్టమే పరిశోధనకు మినహాయింపు ఇచ్చింది.

గడపవాసి (కడప):
చట్టం మినహాయించినంత మాత్రాన, పరిశోధనల మంచిచెడ్డలు చూసే నైతిక కమిటీ పక్కకు తప్పుకోదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం రోగి అనుమతి అక్కర్లేదని చెప్పాల్సింది ఆ కమిటీ. చదువురాని వారికైతే నిష్పాక్షిక సాక్షి ఉండాలి. ఇక పేరు తీసేస్తే గుట్టు దాగుతుందా? రెటీనా ఫోటోను బట్టి వయసు, ఆడా మగా అన్నది కూడా యంత్రం అంచనా వేయగలదని 2018లోనే పరిశోధకులు చూపించారు. ఖమ్మం మరిచిపోయారా? 2009లో అక్కడ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టులో పలువురు బాలికల అనుమతి పత్రాలపై హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో దాన్ని ఆపారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు. అడిగిన తీరుతోనే పేచీ.

వేరుశనగ చేను:
సూదికీ ఫోటోకీ ముడిపెట్టకండి. వైద్యం కోసం ఎలాగూ తీసిన ఫోటో అది. చుక్కల మందు సంగతి మాత్రం ఒప్పుకుంటున్నాను, మా దగ్గరా అదే వరస. మందు వేయకముందే చదివి వినిపించవచ్చు. ఎవరికీ తోచలేదు, నాతో సహా.

తుంగభద్ర:
అమ్మకు విషయం చెప్పాను. "ఇంకొకరి చూపు నిలబడితే మంచిదే, వాడుకోనీ. ఆ ముక్క నాతో అంటే వాళ్ల సొమ్మేం పోయింది?" అంది. వద్దంటే పరీక్ష చేయరేమోనని భయపడి సంతకం పెట్టిందట. అది నాకు ఇప్పుడే తెలిసింది.

గడపవాసి:
కాగితం నకలు ఇచ్చారా? సందేహాలుంటే ఎవరిని అడగాలో, కమిటీని ఎలా సంప్రదించాలో అందులో ఉండాలి.

తుంగభద్ర:
ఇవ్వలేదు. నా ఫోనులో ఉన్నది మొదటి పేజీ ఒక్కటే. అడుగున "1/4" అని ఉంది.