అమ్మగారికి ఈసీటీ సూచించారు: జ్ఞాపకశక్తి సంగతేమిటి?

ప్రశ్న: తీవ్రమైన డిప్రెషన్‌తో మా అమ్మగారు అన్నం మానేసి, పలకరించినా బదులివ్వని స్థితికి వచ్చారు. మందులు పనిచేయకపోవడంతో వైద్యులు ఈసీటీ (మెదడుకు కొద్దిపాటి కరెంటు ఇచ్చే చికిత్స) సూచించారు. కరెంటు షాకు అనగానే బంధువులు బెదిరిపోతున్నారు. జ్ఞాపకశక్తి పోతుందన్నది నిజమేనా?

జవాబు 1: తిండీ మాటా మానేసిన దశలోనూ, ఆత్మహత్య ప్రమాదం ఉన్నప్పుడూ, కదలికా మాటా స్తంభించిపోయే కాటటోనియాలోనూ ఇది చాలామందికి మందులకంటే త్వరగా గుణమిస్తుందండీ. 1938లో రోమ్‌లో మొదలైనప్పుడు మత్తు లేకుండానే ఇచ్చేవారు. మన సినిమాలు ఇంకా అక్కడే ఆగిపోయాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తుమందు, కండరాలను సడలించే మందు లేకుండా ఈసీటీ ఇవ్వడాన్ని మన దేశంలో నిషేధించింది. ఆ కరెంటుతో తెప్పించే మూర్ఛ (ఫిట్స్) సాధారణంగా నిమిషం లోపే ముగుస్తుంది.

జవాబు 2: మా నాన్నగారికి ఇప్పించాం. పొద్దున్నే పరగడుపున తీసుకెళ్లేవాళ్లం. మెలకువ వచ్చాక తలనొప్పి, దవడ నొప్పి ఉండేవి, "ఇది ఏ ఊరు?" అని అడిగేవారు. ఆ తికమక కాసేపటికి తగ్గేది గానీ, చికిత్స రోజుల్లో జరిగిన మేనకోడలి పెళ్లి మాత్రం ఆయనకు ఇప్పటికీ గుర్తులేదు.

జవాబు 3: జ్ఞాపకాలలో కొన్ని ఖాళీలు కొందరికి శాశ్వతంగా మిగలవచ్చు, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఎలక్ట్రోడ్లను తలకు రెండువైపులా కాక కుడివైపునే అమర్చే పద్ధతిలో ఈ బెడద తక్కువ కాబట్టి, అది వీలవుతుందేమో వైద్యుణ్ణి అడగండి. కోర్సు పూర్తయ్యాక మందులు ఆపేస్తే మాత్రం జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ.