మామండూరు, మండగపట్టు గుహలు చూసినవాళ్లెవరైనా ఉన్నారా?

చెన్నై విల్లివాక్కంలో ఉంటాం. మా అమ్మది తాడేపల్లి దగ్గర ఊరు, చిన్నప్పటి నుంచి ఉండవల్లి గుహలు ఎక్కి దిగిన మనిషి. ఇక్కడ ఫ్లాట్‌లో కూర్చుని విసుగెత్తిపోయింది. మహాబలిపురం తీసుకెళ్తే, సెల్ఫీల జనాన్ని చూసి "ఇది గుడి కాదురా, సంత" అనేసింది.

అందుకే జనం పెద్దగా లేని పల్లవుల గుహాలయాలు వెతుకుతున్నాను. మండగపట్టు మీద నాకే ఎక్కువ ఆశ. ఇటుక, కర్ర, లోహం, సున్నం లేకుండా బ్రహ్మ, శివ, విష్ణువులకు గుడి చేయించానని 7వ శతాబ్దంలో మహేంద్రవర్మ శాసనం వేయించుకున్నది అక్కడే. కానీ అది విళుప్పురం నుంచి సెంజి వైపు. ఒక్కరోజులో వెళ్లి రావడం అమ్మ వల్ల అవుతుందా? లేక కాంచీపురం దగ్గర, చెరువు పక్కనున్న మామండూరు మేలా? చెంగల్పట్టు దగ్గరి వల్లం కూడా అనుకున్నా, అక్కడ మెట్లతోనే టెన్షన్. అమ్మకు మోకాళ్ల నొప్పులు.

వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి. కారు ఎంతవరకు వెళ్తుంది? దగ్గర్లో బాత్రూమ్ ఉందా? (ఇదే అసలు ప్రశ్న.) గేటుకు తాళం ఉంటే ఎవర్ని అడగాలి? తమిళం నాకు వచ్చు, ఊళ్లో మాట్లాడుకోగలను.