సమస్య: ఒక్క యొరను కత్తు లొదిగె రెండు

నిర్వాహకుడు, నల్లగొండ:
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఈ ఆటవెలది పాదం ఇమిడాయంటోంది. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ అనే రెండు ఆపరేటింగ్ వ్యవస్థలు కాపురం చేయడమే విషయంగా పూరించండి. పై పాదం చివర ద్రుతం ఉంటే 'నొక్క' అనవచ్చు.

దేవరకొండ సభ్యుడు:

సాగరమున రెండు సాగు కాల్వల రీతి
పార్టిషన్లు రెండు పక్క పక్క
గ్రబ్బు తూము వద్ద కావలి నిలువంగ
నొక్క యొరను కత్తు లొదిగె రెండు

పాలమూరు సభ్యురాలు:
కంప్యూటర్ ఆన్ కాగానే ఏ వ్యవస్థను లేపాలో అడిగే గ్రబ్‌ను తూము దగ్గర కావలి పెట్టడం ఎంతో నచ్చింది. గ్ర–కా యతి సరిపోయింది. డిస్కులో చేసిన విడి భాగాలకు 'పార్టిషన్లు' అన్న మాటను అలాగే ఉంచడమూ మంచిదే. 'విభాగములు' అంటే కంప్యూటర్ నేర్చుకునే పిల్లలకు ఏమీ తట్టదు. అయితే సాగర్ కుడి, ఎడమ కాలువలు ఒకేసారి పారగలవు. ఇక్కడ ఒక వ్యవస్థ నడుస్తుంటే రెండోది కదలదు. ఉపమానం అక్కడ కుంటుతోంది. మూడో పాదం ఇలా ఉంటే?

గ్రబ్బు తూము నొకటె కనిపెట్టి తెరవంగ

దేవరకొండ సభ్యుడు:
'ఒకటె' అనడంతో అసలు విషయం పద్యంలోకి వచ్చింది. మార్చుకుంటున్నానమ్మా.

సూర్యాపేట సభ్యుడు:

విడిచి నిద్ర నింక విండోసు తానాగ
దాని ఫైళ్లు దిద్ద దారి దొరకు
నొకటి లేచి యున్న నొకటి నిద్దురబోవ
నొక్క యొరను కత్తు లొదిగె రెండు

నిర్వాహకుడు:
మొదటి రెండు పాదాలు అనుభవం ఉన్నవారే రాయగలరు. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల, షట్‌డౌన్ నొక్కినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. అప్పుడు లినక్స్ నుంచి ఆ డ్రైవును తెరిస్తే ఫైళ్లు చదవనిస్తుంది, రాయనివ్వదు. ఆ సౌకర్యాన్ని ఆపేయాలి. ఇంత చక్కగా చెప్పి, మూడో పాదంలో మళ్లీ నిద్దుర ఎందుకండీ? మొదటి పాదం వద్దన్నదాన్నే మూడోది రమ్మంటోంది. 'నొకటి మూతబడంగ' అనండి. గణాలూ యతీ చెడవు, భావం నిలుస్తుంది.

పాలమూరు సభ్యురాలు:
పద్యం చదివి తమ విండోస్ కంప్యూటర్‌లో లినక్స్ కూడా పెట్టుకోబోయేవారికి ఒక మాట. ముందు ఫైళ్లకు నకలు తీసుకోండి, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే, దాన్ని తెరిచే రికవరీ కీ రాసిపెట్టుకోండి. విండోస్ పార్టిషన్ చోటును విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే తగ్గించండి. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటుకు కనీసం 25 జీబీ వదలండి.

నిర్వాహకుడు:
గడియారాన్ని ఇంకా ఎవరూ ముట్టలేదు. యంత్రంలోని గడియారాన్ని లినక్స్ యూటీసీగా, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంగా చదువుతుంది, విండోస్ స్థానిక సమయంగా. అందుకే అటు నుంచి ఇటు రాగానే అయిదున్నర గంటల తేడా. దాని మీద ఒక పూరణ రావాలి.