ట్రెంట్ నదిలో బార్బెల్ చేప పట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదారిగట్టు:
నాటింగ్‌హామ్‌లో ఉంటున్నాను. వెదురు కర్రకి గాలం కట్టి ఎర్రలు గుచ్చి జెల్లలు పట్టడం తప్ప వేరే అనుభవం లేదు. ఈ జూన్‌లో ట్రెంట్ మీద బార్బెల్ కోసం కూర్చోవాలని ఉంది. రాడ్, రీల్, లైన్ ఎలాంటివి కొనాలి? లైసెన్స్ ఒక్కటుంటే ఎక్కడైనా వెయ్యొచ్చా? ఇంకోటి, పడితే పులుసుకి పనికొస్తుందా?

నాలుగుమీసాలు:
పులుసు సంగతి ముందు తేల్చేద్దాం. ఇంగ్లండ్ నదుల్లో 20 సెంటీమీటర్లు దాటిన బార్బెల్‌ని తిరిగి నీళ్ళలో వదిలేయాల్సిందే, అది చట్టం. పైగా దీని జన (గుడ్లు) విషం, తింటే వాంతులు, విరేచనాలు. మన బొచ్చె, శీలావతిల కుటుంబమే అయినా కూరకి మాత్రం కాదండీ.

నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా గాలం వెయ్యకూడదు. 16 నుంచి సీజన్. రాడ్ లైసెన్స్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. అది గాలం పట్టుకోవడానికి అనుమతి మాత్రమే, ఆ ఒడ్డు మీద కూర్చోడానికి కాదు. ఒడ్డు ఏ క్లబ్‌దైతే వాళ్ళ డే టికెట్ విడిగా కొనాలి. రాత్రి కూర్చోనిస్తారా, ముల్లున్న కొక్కెం ఒప్పుకుంటారా అన్నది టికెట్ మీద చదువుకోండి.

రాడ్ 11 లేదా 12 అడుగులది, టెస్ట్ కర్వ్ (రాడ్ ఎంత గట్టిదో చెప్పే కొలత) 1.75 పౌండ్లు. రీల్ 4000 నుంచి 5000 సైజు, ఫ్రీ స్పూల్ మీట (చేప లాగితే లైన్ దానంతటదే వదిలేది) ఉన్నది. లైన్ 12 పౌండ్ల మోనో (ఒంటి పోగు నైలాన్). సన్నం లైన్ వేస్తే ఎక్కువ చేపలు పడతాయని కొందరంటారు గానీ, బార్బెల్ నేరుగా రాళ్ళ సందుల్లోకి, చెట్ల వేళ్ళలోకి దూరుతుంది. తెగిన లైన్‌తో, మూతిలో కొక్కెంతో చేపని వదిలినట్టవుతుంది.

రిగ్గుపంతులు:
రిగ్ (లైన్ చివర బరువు, కొక్కెం అమర్చే తీరు) సింపుల్‌గా ఉంచండి. మెయిన్ లైన్ మీద ఫీడర్ (మేత నింపే బరువున్న చిన్న డబ్బా) అటూ ఇటూ జారేలా ఎక్కించి, దాని కింద రబ్బరు పూస, ఆ కింద స్వివెల్ (లైన్ మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు ముక్క). స్వివెల్‌కి 2 నుంచి 3 అడుగుల హుక్ లెంగ్త్ (కొక్కెం కట్టే విడి లైన్), 10 పౌండ్లది, చివర 10వ నంబరు కొక్కెం. ఫీడర్‌ని గట్టిగా బిగించి కట్టకండి. లైన్ తెగితే చేప ఆ బరువుని ఈడ్చుకుంటూ తిరగాల్సొస్తుంది.

ఎర 8 మిల్లీమీటర్ల హాలిబట్ పెల్లెట్ (చేపల మేత గుళిక). దాన్ని కొక్కేనికి గుచ్చితే పగులుతుంది, అందుకే హెయిర్ రిగ్, అంటే ఎరని కొక్కేనికి గుచ్చకుండా పక్కన వేలాడదీయడం. హుక్ లెంగ్త్ కొసన చిన్న ఉచ్చు వేసి, పెల్లెట్ పట్టే రబ్బరు బ్యాండు తగిలించండి. లైన్ రెండో కొసని కొక్కెం కన్నులోంచి వెనక వైపు నుంచి దూర్చి, ఉచ్చు వంపు దాటి కిందికి వేలాడేలా చూసి, కాడ చుట్టూ 7 లేక 8 చుట్లు చుట్టి, కొసని మళ్ళీ కన్ను వెనక నుంచే లాగండి. బిగించే ముందు ఉమ్ముతో తడపండి, ఎండు లైన్ రాపిడికి కాలిపోతుంది. వంపుకీ పెల్లెట్‌కీ మధ్య 5 మిల్లీమీటర్ల సందు చాలు.

ఫీడర్‌లో నానబెట్టిన 3, 4 మిల్లీమీటర్ల పెల్లెట్లు వేయండి. మొదటి అరగంట 5 నిమిషాలకోసారి తీసి నింపి అదే చోట పడేలా విసరాలి, తర్వాత 15, 20 నిమిషాలకోసారి. ఒకసారి అటు, ఒకసారి ఇటు పడితే మేత చెదిరిపోయి చేపలూ చెదురుతాయి.

గోదారిగట్టు:
థాంక్సండీ. మిత్రుడి దగ్గర 2 ఔన్సుల ఫీడర్లున్నాయి, కానీ ట్రెంట్‌లో అవి ఒడ్డు వైపు కొట్టుకొచ్చేస్తున్నాయట. 5 ఔన్సులవి కొనాలా?

నాలుగుమీసాలు:
కొనేముందు ఇది చూడండి. విసిరాక లైన్‌ని బిర్రుగా లాగేస్తే ప్రవాహం లైన్ మొత్తాన్ని తోసి ఫీడర్‌ని ఊడబెరుకుతుంది. ఫీడర్ అడుగుకి తగిలాక మరో రెండు మూడు గజాల లైన్ వదలండి. అది కింది వైపు విల్లులా వంగుతుంది. రాడ్ కొన పైకి ఎత్తి నిలబెట్టండి, నీళ్ళలో ఉండే లైన్ తగ్గుతుంది. ఈ రెండూ చేశాకా జారితే అప్పుడు 3 ఔన్సులది, ఆ తర్వాత 4. క్రామ్‌వెల్ లాక్ (పడవల్ని దాటించే గేట్లు) కింద ఆటుపోట్లు తగిలే ట్రెంట్ మొదటి ఏడాది వద్దు.

సాయంత్రం పొద్దుగూకే ముందో గంట, తర్వాత రెండు గంటలు మంచి సమయం. చేప తగిలితే రాడ్ ఒక్కసారిగా ఒంగిపోతుంది, ఫ్రీ స్పూల్ వేసి ఉండకపోతే రాడ్ నదిలోకే. రాడ్ వదిలి టీకి వెళ్ళకండి.

రిగ్గుపంతులు:
వదిలే పద్ధతి కూడా నేర్చుకుని రండి. బార్బెల్ ఒంట్లో శక్తంతా పోరాటంలోనే ఖర్చు చేసేస్తుంది. వెంటనే వదిలితే వెల్లకిలా తేలి చచ్చిపోవచ్చు. పెద్ద వల, మెత్తటి అల్లికది తీసుకోండి. వెన్ను రెక్క మొదటి ముల్లుకి రంపపు పళ్ళుంటాయి, వలలో చిక్కితే లాగకండి, దారం కత్తిరించండి. కీప్ నెట్ (పట్టిన చేపల్ని నీళ్ళలో ఉంచే వల సంచి) అసలు వద్దు. తడిపిన మ్యాట్ మీద కొక్కెం తీసి, తల ప్రవాహానికి ఎదురుగా నీళ్ళలో పట్టుకోండి. 5 నిమిషాలైనా, 10 అయినా, తోక విదిల్చి తనంతట తాను వెళ్ళేదాకా. నీరు 20 డిగ్రీలు దాటిన ఎండాకాలపు రోజుల్లో ఆక్సిజన్ తక్కువ, ఆ రోజు గాలం వెయ్యకపోవడమే మేలు.