బడితోట వల్ల చదువుకు ఏమి ఉపయోగం? ప్రధానోపాధ్యాయుడికి ఏమని చెప్పాలి?

ప్రశ్న (ఏడో తరగతి సైన్స్ టీచర్):
తరగతి గదుల వెనక బాగా ఎండ తగిలే ఖాళీ స్థలం ఉంది. పిల్లలతో అక్కడ తోట వేయిస్తానని అడిగితే మా ప్రధానోపాధ్యాయుడు, “సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? పిల్లల చేత మట్టిపని చేయిస్తున్నారని తల్లిదండ్రులు వస్తే ఎవరు సమాధానం చెబుతారు?” అన్నారు. ప్రకృతి, అనుబంధం వంటి మాటలకు ఆయన కరగరు. గట్టి కారణాలు కావాలి. ఇంకో సంగతి, తరగతిలో నోరు విప్పని పిల్లలు ఇద్దరు ముగ్గురున్నారు. తోట వల్ల వాళ్లకేమైనా మేలు జరుగుతుందా?

జవాబు 1 (విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు):
అమ్మా, ఆయనతో తోట ఊసే ఎత్తకండి. పాఠాల గురించి మాట్లాడండి. ఏ పాఠం ఏ వారంలో మడి దగ్గర చెబుతారో కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. సిలబస్‌కు అడ్డమనుకున్నది సిలబస్‌లోనే ఉందని ఆయనకే తెలుస్తుంది.

ఒక్క ఉదాహరణ చెబుతాను. పూతకు వచ్చిన చిక్కుడు మొక్కను వేళ్లు తెగకుండా తవ్వి తీసి నీళ్లలో జాడించండి. వేళ్ల మీద ఆవగింజంత బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చమనండి. లోపల లేత ఎరుపు ఉంటే, అందులోని రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మారుస్తోందని అర్థం. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ అనే పదార్థానిది. పాలిపోయి పచ్చగా ఉంటే పని ఆగిపోయినట్టు. పుస్తకంలో రెండు వాక్యాలున్న ఈ విషయాన్ని పిల్లలు బట్టీ పట్టి పరీక్ష కాగానే మరిచిపోతారు. గోటికి అంటిన ఎరుపును మాత్రం మరిచిపోరు. కొన్ని నేలల్లో బుడిపెలే ఉండవు. అప్పుడు “ఎందుకు లేవు?” అని పిల్లలు అడుగుతారు. నాకైతే ఆ రోజులే ఎక్కువ ఇష్టం.

మొదటి పంటగా ముల్లంగి వేయండి. నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది, నెల తిరిగేసరికి చేతికొచ్చే రకాలున్నాయి. పిల్లల ఓపికకు సరిపోయే పంట అది.

జవాబు 2 (లెక్కల టీచర్):
తోటను సైన్స్ వాళ్లకే వదిలేయడం అన్యాయం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీళ్లు పడినట్టు. 5 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న మడి మీద 7 మిల్లీమీటర్లు కురిస్తే 42 లీటర్లు. మరి ఈ రోజు నీళ్లు పోయాలా, అక్కర్లేదా? వైశాల్యం ఎందుకు నేర్చుకోవాలని ఆ తర్వాత ఎవరూ అడగరు. వెడల్పు అంతకు మించనివ్వకండి. రెండు వైపుల నుంచీ చెయ్యి మధ్యకు అందాలి, మడిలో కాలు పెట్టకూడదు.

జవాబు 3 (ఒక తల్లి):
మా అమ్మాయి బడిలోనూ తోట ఉంది. ఆలస్యంగా వచ్చినవాళ్ల చేత కలుపు తీయిస్తారు. దాని దృష్టిలో తోట అంటే శిక్ష. మీ ప్రధానోపాధ్యాయుడి భయం ఊరికే పుట్టింది కాదు.

జవాబు 4 (మళ్లీ విశ్రాంత ఉపాధ్యాయుడు):
ఆ తల్లిగారు చెప్పింది అక్షరాలా నిజం. శిక్షగా వాడిన రోజే తోట చచ్చిపోతుంది, మొక్కలు పచ్చగా ఉన్నా సరే. ఫొటోల కోసం వేసిన తోటదీ అదే గతి. కిండర్‌గార్టెన్ పద్ధతిని మొదలుపెట్టిన జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ తన బడులలో ప్రతి బిడ్డకూ సొంతంగా ఒక చిన్న మడి, అందరికీ కలిపి ఉమ్మడి మడులు ఉండాలన్నాడు. అది 19వ శతాబ్దపు మాట. నేటికీ అంతకంటే మంచి పద్ధతి నాకు కనబడలేదు. సొంత మడిలో ఏమి వేయాలో పిల్లలే తేల్చుకోవాలి. ఎండిపోతే అదీ వాళ్లదే.

ఇక మాట్లాడని పిల్లల సంగతి. తోట వైద్యం కాదు, అలా చెప్పి మొదలుపెట్టకండి. అయితే తరగతిలో అందరి కళ్లూ ఒక్కరి మీదే ఉంటాయి. మడి దగ్గర కళ్లన్నీ మట్టి మీద ఉంటాయి, పక్కపక్కన కూర్చుని ఒకే పని చేస్తారు. “ఆ కర్ర ఇటివ్వు” అన్న చిన్న మాటతో చాలామందికి నోరు తెరుచుకుంటుంది. పట్టిపట్టి చదివి అలసిన బుద్ధి పచ్చదనం మధ్య తేరుకుంటుందని రేచల్, స్టీఫెన్ కప్లాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1989లో వివరించారు. లెక్కల పీరియడ్ తర్వాత తోట పని పెట్టి చూడండి.

అతిగా మాత్రం చెప్పుకోవద్దు. తోట ఒక్కటే ఉన్నంత మాత్రాన పిల్లలు తినే కూరగాయలు, పండ్లు పెరిగాయనడానికి పెద్దగా ఆధారం దొరకలేదని బ్రిటన్‌లో 2014లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. తోట పని బాగా విస్తరించిన బడుల్లో మాత్రం పెరుగుదల కనిపించింది. మీ ప్రధానోపాధ్యాయుడికి ఈ రెండూ చెప్పండి. ఒక్క మంచే చెబితే ఆయన నమ్మరు.

ప్రశ్న అడిగిన టీచర్:
కాగితం రాయడం మొదలుపెట్టాను సార్. సెలవుల్లో నీళ్లెవరు పోస్తారని ఆయన తప్పకుండా అడుగుతారు.

జవాబు 5 (విశ్రాంత ఉపాధ్యాయుడు):
ఎవరూ పోయనక్కర్లేదు. సెలవుల కంటే ముందే పంట ముగిసేలా విత్తండి. తర్వాత ఎండుటాకులు మందంగా పరిచి మడిని అలాగే వదిలేయండి. తిరిగొచ్చాక ఆకులు తొలగించి కింద ఏయే పురుగులు చేరాయో పిల్లల చేత రాయించండి. చేతులు సబ్బుతో కడుక్కోవడం, ధనుర్వాతం టీకా సంగతి తల్లిదండ్రులకు ముందే ఒక చీటీలో రాసి పంపండి.